రెండో తెర ఎందుకు వెలగలేదు?

2020 ఏప్రిల్ నెల. శనివారం రాత్రి తొమ్మిదిన్నర. మా డాలస్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్న రోజులు. ఫోన్ మోగింది. చూస్తే మా స్నేహితుడి భార్య.

"అన్నయ్యగారూ, పడుకున్నారా? నా రెండో మానిటర్‌లో బొమ్మ రావడం లేదండీ. మూడు రోజుల నుంచీ ఇదే గొడవ."

ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాదులో మూడేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక 2011లో ఇక్కడికి వచ్చింది. హెచ్-4 వీసా. పని చేయడానికి వీల్లేదు. 2015 మే నెలలో ఆ వీసా మీద ఉన్న కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది కానీ, ఆవిడ వంతు వచ్చేసరికి ఇంకో రెండేళ్ళు, పిల్లవాడు బడికి వెళ్ళేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. చివరికి 2020 ఫిబ్రవరిలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. నెల తిరక్కుండానే అందరినీ ఇంటి నుంచి పని చేయమన్నారు. ఆఫీసువాళ్ళు లాప్‌టాప్, డాకింగ్ స్టేషన్, రెండు మానిటర్లు పెట్టెల్లో పెట్టి ఇంటికి పంపించారు. ఎడమ మానిటర్ వెలిగింది. కుడి మానిటర్ నల్లగా ఉండి "సిగ్నల్ లేదు" అని ఒక మాట చెప్పి నిద్రపోతోంది. ఆఫీసు హెల్ప్‌డెస్క్ అతను, "మీ కేబుల్ బాగుండలేదేమో, ఇంకొకటి కొనండి" అన్నాడట. ఆవిడ మూడు కొంది. సోమవారం ఉదయం మేనేజరు ముందు డెమో.

అదంతా చెప్పి చివర్లో ఒక మాట అంది. "తప్పు నాదేనేమో అన్నయ్యగారూ. ఎనిమిదేళ్ళకు పైగా ఇంట్లో కూర్చున్నాను కదా. అప్పట్లో నీలం ప్లగ్గు గుచ్చి, రెండు స్క్రూలు బిగిస్తే బొమ్మ వచ్చేసేది. ఇప్పుడు అది కూడా చేతకావడం లేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవిడ మర్చిపోయిందేమీ లేదు. ఆ ఎనిమిదేళ్ళలో ప్లగ్గు మారింది, ప్లగ్గు వెనకాల జరిగే సంభాషణ అంతకంటే ఎక్కువ మారింది. ఆ మార్పు సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ఫోన్‌లో చెప్పడానికి తీరిక లేకపోయింది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికి.

* * *

తెరకీ పెట్టెకీ మధ్య తగాదా తీర్చడం నేను మొదలుపెట్టింది 1987లో. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఏడు జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున్న మా నాన్నగారు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు. నేను కిటికీ దగ్గర నిలబడి అరిచేవాణ్ణి. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడు?" "వచ్చింది... వచ్చింది... పోయింది!" పైన ఉన్నవాడికి తెర కనపడదు, కింద ఉన్నవాడికి యాంటెన్నా కనపడదు. ఇద్దరి మధ్యా మాట సరిగ్గా నడిస్తేనే బొమ్మ వచ్చేది. ఇన్నేళ్ళూ ఈ దేశంలో నేను తిన్న కన్సల్టింగు కూడు అంతా ఆ ఒక్క సూత్రం మీద నడిచిందే.

అదే 1987లో, ఏప్రిల్ నెలలో, ఐబీఎమ్ కంపెనీ పీఎస్/2 అనే కంప్యూటర్లతో పాటు వీజీఏ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. మా చెల్లెమ్మ గుర్తు చేసుకున్న ప్లగ్గు అదే. దాని గొప్ప తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

1981 ఆగస్టులో మొదటి ఐబీఎమ్ పీసీ వచ్చినప్పుడు దానికి రెండు రకాల తెర కార్డులుండేవి. అక్షరాలు మాత్రమే చూపించేది ఒకటి, పేరు ఎమ్‌డీఏ. రంగులు చూపించేది ఇంకొకటి, పేరు సీజీఏ. రెండింటికీ తొమ్మిది పిన్నుల సాకెట్టే. చూడ్డానికి కవల పిల్లలు. కానీ ఒకటి సెకనుకు 50 సార్లు తెరను గీసేది, ఇంకొకటి 60 సార్లు. గీతలు గీసే వేగాలూ వేరే. ఒకదాని మానిటర్ తెచ్చి ఇంకొకదానికి తగిలిస్తే బొమ్మ రాకపోవడం అటుంచి, మానిటరే పాడయ్యే ప్రమాదం ఉండేది. అంటే ఒకే ఆకారం, వేరు వేరు భాషలు అనే చిక్కు పీసీతో పాటే పుట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథ చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

వీజీఏ ఈ చిక్కును కొంతవరకు విప్పింది. మూడు వరసల్లో పదిహేను పిన్నులు. పాత ప్లగ్గు ఇందులో దూరదు. ఇది దూరితే భాష ఇదేనని ధీమా. పైగా ఆ పదిహేనింటిలో నాలుగు పిన్నులను మానిటర్ తన జాతి చెప్పుకోవడానికి కేటాయించారు. ఏ పిన్ను నేలకు కలిపి ఉందో, ఏది కలపకుండా వదిలేశారో చూసి, "ఓహో, ఇది రంగుల మానిటర్, ఇది నలుపు-తెలుపు మానిటర్" అని కంప్యూటర్ పోల్చుకునేది. మన ఊళ్ళో బొట్టు చూసి మనిషిని పోల్చుకోవడం లాంటిదన్నమాట. అంతకు మించి వివరాలు తెలియవు.

ఆ చాలీచాలని పరిచయం వల్ల వచ్చే అనర్థం నాకు స్వానుభవం. మా ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లాబ్ అంటే గర్భగుడే. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. 1997లో ఒకరోజు కుతూహలం కొద్దీ సెట్టింగుల్లోకి వెళ్ళి, తెర సెకనుకు ఎన్నిసార్లు గీయాలో ఆ అంకె పెంచాను. కంప్యూటర్ అడ్డు చెప్పలేదు. మానిటర్ మాత్రం కీచుమని అరిచి, తెర నిండా వంకర గీతలు పడ్డాయి. లాబ్ అసిస్టెంటు పరుగున వచ్చి ప్లగ్గు పీకి, "మీ నాన్న కొనిస్తాడా ఇంకోటి?" అన్నాడు. ఆ మానిటర్ బాగా పాతది. తన శక్తి ఎంతో కంప్యూటర్‌కు చెప్పుకునే నోరు దానికి లేదు. కంప్యూటర్ నా మాట నమ్మింది. నేనేమో నా తెలివిని నమ్మాను.

* * *

నోరు లేని మానిటర్‌కు నోరు ఇచ్చింది వీసా. పాస్‌పోర్టు మీద కొట్టే వీసా కాదు లెండి. 1989లో మానిటర్లు, వీడియో కార్డులు తయారుచేసే కంపెనీలు కలిసి పెట్టుకున్న ప్రమాణాల సంఘం పేరు అది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మన కష్టాల వీసాకూ దీనికీ ఒక్క అక్షరమే తేడా. 1994లో ఈ సంఘం ఒక చక్కని ఏర్పాటు చేసింది. ప్రతి మానిటర్ కడుపులో 128 బైట్ల చిన్న జ్ఞాపకం పెట్టారు. దాని పేరు ఈడీఐడీ. నేను దాన్ని పరిచయపత్రం అంటాను.

128 బైట్లు అంటే ఎంత? ఒక పోస్టుకార్డులో సగం నిండదు. అందులోనే తయారుచేసిన కంపెనీకి మూడక్షరాల పొట్టిపేరు, మోడల్ నంబరు, తెర కొలతలు, ఏయే రిజల్యూషన్లు చూపగలదో, ఏ వేగంతో చూపగలదో, అన్నీ ఇరికించారు. పుట్టిన సంవత్సరానికి ఒక్క బైటే ఇచ్చారు. 1990కి ఆ అంకె కలుపుకోవాలి. చివరి బైటు లెక్క సరిచూసుకోవడానికి. మొత్తం 128 బైట్లూ కూడితే ఆ మొత్తం 256తో శేషం లేకుండా భాగించబడాలి. దారిలో ఒక్క బిట్టు చెడినా లెక్క కుదరదు. అప్పుడు కంప్యూటర్ ఆ పత్రాన్ని నమ్మక, ఎందుకైనా మంచిదని చిన్న రిజల్యూషన్‌లో బొమ్మ వేస్తుంది. ఖరీదైన మానిటర్ కొని తగిలిస్తే అక్షరాలు పనసకాయలంత కనపడ్డాయని ఎవరైనా మొత్తుకుంటే, తొంభై పాళ్ళు పరిచయపత్రం దారిలో చిరిగిపోయిందని అర్థం. మధ్యలో పెట్టిన నాసిరకం ఎడాప్టరో, ఒకే మానిటర్‌ను రెండు కంప్యూటర్లకు మార్చే స్విచ్చో దాన్ని మింగేసి ఉంటుంది.

ఈ ఏర్పాటు కోసం కొత్త ప్లగ్గు తేలేదు. వీజీఏలో జాతి చెప్పే నాలుగు పిన్నుల్లో రెండింటిని ఈ సంభాషణకు వాడుకున్నారు. తొమ్మిదో పిన్ను ద్వారా కంప్యూటరే 5 వోల్టుల కరెంటు పంపుతుంది కాబట్టి, మానిటర్ ఆపేసి ఉన్నా పరిచయపత్రం చదవచ్చు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 "తగిలించు, వాడుకో" అని ఊదరగొట్టడానికి వెనకనున్న బలాల్లో ఇదొకటి. తరవాతి పదకొండేళ్ళలో వీజీఏ స్థానంలో వేరే వేరే ప్లగ్గులు వచ్చాయి. 1999లో డీవీఐ, 2002 చివర్లో హెచ్‌డీఎమ్‌ఐ, 2006లో డిస్‌ప్లేపోర్ట్. ప్లగ్గులు మారినా పరిచయపత్రం మారలేదు. ఇవాళ మీరు కొన్న మానిటర్ కూడా ఆ 128 బైట్లతోనే తన మాట మొదలుపెడుతుంది. పెద్ద విషయాలేమైనా ఉంటే అదనపు పేజీలు జత చేస్తుంది, అంతే.

డీవీఐతో ఇంకో మంచి అలవాటు స్థిరపడింది. "నేను వచ్చాను" అని కంప్యూటర్‌కు తలుపు తట్టి చెప్పడానికి ఒక పిన్ను. మానిటర్‌ను కరెంటు నుంచి పీకి, అర నిమిషం ఆగి మళ్ళీ పెడితే బొమ్మ వచ్చిందని చెబుతుంటారే, అది చాదస్తం కాదు. మళ్ళీ తలుపు తట్టించడం, మళ్ళీ పరిచయం చేయించడం.

* * *

ఇప్పుడు ఈ కథలోకి మధ్యవర్తి ప్రవేశిస్తాడు. డాకింగ్ స్టేషన్.

పగలు ఆఫీసులో పెద్ద తెర, మంచి కీబోర్డు కావాలి. సాయంత్రం సంచిలో వేసుకుని ఇంటికి పోవాలి. రెండూ ఒకే కంప్యూటర్‌తో కావాలి. ఈ కోరికకు 1992 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఇచ్చిన జవాబు ముచ్చటగా ఉండేది. పవర్‌బుక్ డ్యుయో అనే పలచటి లాప్‌టాప్, డ్యుయో డాక్ అనే పెట్టె. వీసీఆర్‌లోకి కాసెట్టు తోసినట్టు లాప్‌టాప్‌ను మూసి ఆ పెట్టెలోకి తోస్తే, అది లోపలికి లాక్కునేది. పెట్టె మీద మానిటర్ పెట్టుకోవచ్చు. లాప్‌టాప్ వెనక బోలెడు పిన్నుల సాకెట్టు. అంటే ఆ పాతకాలపు డాక్ లాప్‌టాప్‌కు ఒక అవయవం లాంటిది. లోపలి తీగలే బయటికి వచ్చి డాక్‌లో కలిసేవి. మధ్యలో అనువాదం ఏమీ లేదు.

నేను 2003లో ఎమ్మెస్ ముగించి ఉద్యోగంలో చేరినప్పుడు చూసిన డాకులూ ఈ జాతివే. లాప్‌టాప్ అడుగున పొడుగాటి సాకెట్టు ఉండేది. డాక్ మీద ఆనించి నొక్కితే "టక్" మనేది. ఆ శబ్దం వినపడితే ఆఫీసు మొదలైనట్టు. వాటికొచ్చే జబ్బులు కూడా నాటురకం జబ్బులు. సాకెట్టులో దుమ్ము, వంగిన పిన్ను, సరిగ్గా కూర్చోని లాప్‌టాప్. ఊది, తుడిచి, మళ్ళీ నొక్కితే సగం కేసులు నయమయ్యేవి. లోటల్లా ఒకటే. ఈ కంపెనీ డాక్ ఆ కంపెనీకి పనికిరాదు. ఒకే కంపెనీలో ఈ మోడల్ డాక్ ఆ మోడల్‌కి కుదరకపోవడమూ మామూలే. లాప్‌టాపులు మార్చినప్పుడల్లా ఆఫీసు స్టోర్‌రూములో డాకుల గుట్ట ఒకటి తయారయ్యేది.

ఆ గుట్టలను చూసి విసిగిన లోకం ఒకే ప్లగ్గు కావాలని కోరుకుంది. దానికి దారి వేసినవి రెండు. మొదటిది డిస్‌ప్లేపోర్ట్. అంతకు ముందరి తీగల్లో బొమ్మ నీళ్ళపంపులో ధారలా నిరంతరంగా పారేది. డిస్‌ప్లేపోర్ట్ ఆ ధారను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, నాలుగు వరసల రోడ్డు మీద పంపుతుంది. పొట్లాలు కట్టాక, ఒకే రోడ్డు మీద రెండు మూడు బొమ్మల పొట్లాలు కలిపి పంపి, అవతల ఎవరివి వాళ్ళకు పంచితే తప్పేముంది? 2010 జనవరిలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఆ పనే చేసింది. ఈ పద్ధతిని ఎమ్‌ఎస్‌టీ అంటారు. అదే ఏడాది డిసెంబరులో ఇంటెల్, ఏఎమ్‌డీ, ఇంకా కొన్ని కంపెనీలు కలిసి, 2015 నాటికి వీజీఏకు వీడ్కోలు చెప్పాలనుకుంటున్నట్టు ప్రకటించాయి. మా చెల్లెమ్మ హైదరాబాదులో నీలం ప్లగ్గుకు స్క్రూలు బిగిస్తున్న రోజుల్లోనే దాని ముహూర్తం పెట్టేశారన్నమాట.

రెండోది 2014 ఆగస్టులో వచ్చిన యూఎస్‌బీ-సి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే చిన్న కన్నం. ఇరవై నాలుగు పిన్నులు. తిరగేసి గుచ్చినా పరవాలేదు. కరెంటు, ఫైళ్ళు, బొమ్మ, అన్నీ దీని గుండానే. ఆ మరుసటి నెలలోనే, యూఎస్‌బీ-సి లోపలి వేగపు వరసలను డిస్‌ప్లేపోర్ట్ బొమ్మకు అద్దెకివ్వడానికి నియమాలు వచ్చాయి. ఇంక డాక్‌కు బోలెడు పిన్నులు అక్కర్లేదు. ఒక్క తీగ చాలు.

చూశారా, అక్కడ ఏం జరిగిందో? 1981లో వదిలించుకుందామనుకున్న చిక్కు మళ్ళీ వచ్చి కూర్చుంది. కన్నం ఒకటే, భాషలు అనేకం. ఒక లాప్‌టాప్‌కు ఉన్న యూఎస్‌బీ-సి కన్నం బొమ్మ పంపుతుంది, పక్కనున్న కన్నం పంపదు. ఒక తీగ అన్నీ మోస్తుంది. అచ్చం అలాగే ఉన్న ఇంకో తీగ ఫోన్ ఛార్జింగు కోసం తయారైంది, అందులో బొమ్మకు కావలసిన వేగపు తీగలే ఉండవు. డాకుల్లోనూ జాతులున్నాయి. ఎమ్‌ఎస్‌టీ పద్ధతిలో పంచేవి ఒక రకం. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 రకం ఇంకొకటి, సెకనుకు 40 గిగాబిట్ల రాజమార్గం. డిస్‌ప్లేలింక్ అనేది మూడో రకం. అది బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో కుదించి మామూలు యూఎస్‌బీ ఫైలులా పంపుతుంది కాబట్టి డ్రైవర్ వేసుకోకపోతే పలకదు. ఒకే డాక్‌కు విండోస్ లాప్‌టాప్ తగిలిస్తే రెండు తెరల మీద రెండు బొమ్మలు వస్తాయి, ఆపిల్ మాక్ తగిలిస్తే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. మాక్‌లు ఎమ్‌ఎస్‌టీ పద్ధతిలో వేరు వేరు బొమ్మలు పంపవు మరి. ఇవేవీ కన్నం మీద రాసి ఉండవు. చూసేవాళ్ళకు అన్నీ ఒకటే.

* * *

మళ్ళీ ఆ శనివారం రాత్రికి వద్దాం. వాట్సాప్‌లో వీడియో పెట్టమన్నాను. ఆవిడ ఫోన్‌ను బల్ల కిందికి, పైకీ తిప్పి చూపించింది. డాబా మీద మా నాన్నగారు, కిటికీ దగ్గర నేను గుర్తొచ్చాం. ఈసారి పైన ఉన్నది నేను.

ముందు కొన్న మూడు కేబుళ్ళు చూశాం. రెండింటి పెట్టెల మీద ఛార్జింగు అని చిన్న అక్షరాల్లో ఉంది. అవి పక్కన పెట్టించాను. మూడోది నిఖార్సైనది. దానితోనూ రెండో తెర వెలగలేదు.

"రెండు మానిటర్లూ అటూ ఇటూ మార్చమ్మా." మార్చింది. ఇప్పుడు ఎడమది నల్లబడి కుడిది వెలిగింది. అంటే మానిటర్ మంచిదే. "ఇప్పుడు వెలిగినదాని తీగ పీకెయ్యి." పీకింది. రెండో క్షణంలో నల్లటిది వెలిగింది! అంటే డాక్ మీది రెండు సాకెట్లూ మంచివే, తీగలూ మంచివే. ఎవరికి వాళ్ళు విడిగా బాగున్నారు, కలిస్తే మాత్రం ఒకరు నల్లబడుతున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు?

"సెట్టింగుల్లో ఎన్ని పెట్టెలు కనపడుతున్నాయి?"

"మూడండీ. లాప్‌టాప్ ఒకటి, ఇవి రెండూ. మూడోది బూడిద రంగులో ఉంది. దాన్ని వాడమంటే ఒప్పుకోవడం లేదు."

అక్కడ నాకు ఆచూకీ దొరికింది. మూడో పెట్టె కనపడుతోందంటే ఆ మానిటర్ పరిచయపత్రం క్షేమంగా చేరిందన్నమాట. పేరు, ఊరు, గోత్రం అన్నీ తెలుసు. కూర్చోబెట్టడానికే చోటు లేదు. మానిటర్ వెనక రిజల్యూషన్ చూసి చెప్పమన్నాను. 2560 బై 1440. రెండూ అంతే.

కాయితం తీసి లెక్క వేశాను. మీరూ వేయవచ్చు. 2560ని 1440తో గుణించి, ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు అంటే 5.3 గిగాబిట్లు. దీనికి తోడు ప్రతి గీతకూ, ప్రతి బొమ్మకూ మధ్య కొంత ఖాళీ సమయం ఉంటుంది. ఇది పాత డబ్బా మానిటర్ల ఆస్తి. ఎలక్ట్రాన్ కిరణం ఒక గీత ముగించి మళ్ళీ వెనక్కి రావడానికి ఇచ్చిన విరామం. ఇప్పటి తెరల్లో ఆ కిరణమే లేదు. అయినా ఆ విరామాన్ని తగ్గించారే కానీ తీసేయలేదు. అదీ కలిపితే ఒక్కో మానిటర్‌కు సుమారు 5.8 గిగాబిట్లు. రెండింటికి 11.6.

మరి రోడ్డు ఎంత? ఆ తరం లాప్‌టాపుల్లో మామూలుగా ఉన్నది డిస్‌ప్లేపోర్ట్ 1.2. ఒక్కో వరసకు 5.4 గిగాబిట్లు. నాలుగు వరసలూ బొమ్మకే ఇస్తే 21.6. కానీ ఆ డాక్‌కు కీబోర్డు, నెట్‌వర్కు, వెబ్‌కామ్ కూడా ఉన్నాయి. వాటి కోసం రెండు వరసలు యూఎస్‌బీకి పోయాయి. బొమ్మకు మిగిలినవి రెండు, అంటే 10.8. అందులోనూ ఎనిమిది బిట్లు పంపడానికి పది బిట్లు వాడతారు, తప్పులు దొర్లకుండా. అయిదో వంతు అలా పోతుంది. చేతికొచ్చేది 8.64. పదకొండున్నర శేర్ల ధాన్యం ఎనిమిదిన్నర శేర్ల గంపలో ఎలా పడుతుంది? ముందు వచ్చిన మానిటర్ 5.8 తీసేసుకుంది. తరవాత వచ్చినదానికి మిగిలింది చాలలేదు. అందుకే తీగలు మార్చితే చీకటి కూడా చోటు మారింది.

ఇందులో చెడిపోయిన వస్తువు ఒక్కటీ లేదు. కేబుల్ మంచిదే, మానిటర్లు మంచివే, డాక్ మంచిదే, లాప్‌టాప్ మంచిదే. ఈ నాలుగింటినీ కలిపి పంపినవాళ్ళు కూడిక వేసుకోలేదు, అంతే.

మందు చాలా చవక. "లాప్‌టాప్ పక్కన హెచ్‌డీఎమ్‌ఐ కన్నం ఉందా? రెండో మానిటర్ తీగ డాక్‌లోంచి తీసి నేరుగా అందులో గుచ్చు." ఆ కన్నానికి విడిగా తన రోడ్డు ఉంటుంది. డాక్‌తో పంపకం లేదు.

"వచ్చిందా?"

ఒక్క క్షణం చప్పుడు లేదు. తరవాత, "వచ్చింది అన్నయ్యగారూ! రెండూ వచ్చాయి!" వెనక నుంచి వాళ్ళాయన గొంతు కూడా వినపడింది. రాత్రి పదకొండు దాటింది.

ఆ కన్నం లేకపోయి ఉంటే రెండు మానిటర్లనూ 1920 బై 1080కి దించమనేవాణ్ణి. అప్పుడు ఒక్కోదానికి 3.56 చొప్పున రెండింటికి 7.1 గిగాబిట్లు. గంపలో పడుతుంది. అక్షరాలు కొంచెం మసకబారతాయి, కానీ డెమో గడుస్తుంది. కొన్ని డాకులకు బొమ్మకే నాలుగు వరసలూ ఇమ్మనే సెట్టింగు కూడా ఉంటుంది. దానివల్ల ఫైళ్ళు నెమ్మదిస్తాయి.

* * *

మీ ఇంట్లో రెండో తెర వెలగకపోతే నేను చెప్పేది ఒకటే. చరిత్ర నడిచిన వరసలోనే నడవండి. ముందు నాటు జబ్బులు చూడండి. కరెంటు ఉందా, ప్లగ్గు పూర్తిగా దిగిందా, మానిటర్ బటన్‌తో సరైన సాకెట్టు ఎంచుకున్నారా. తరవాత పరిచయం. సెట్టింగుల్లో దాని పెట్టె కనపడుతోందా? కనపడకపోతే డాక్‌నూ మానిటర్‌నూ కరెంటు నుంచి తీసి, అర నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. మధ్యనున్న ఎడాప్టర్లు తీసేయండి. డిస్‌ప్లేలింక్ రకం డాక్ అయితే డ్రైవర్ ఉందో లేదో చూడండి. పెట్టె కనపడి కూడా వెలగకపోతే అప్పుడు లెక్క వేయండి. ఒక్కొక్కటిగా వెలిగి, కలిపితే వెలగకపోవడం రోడ్డు చాలకపోవడానికి గుర్తు. కొత్త కేబుల్ కొనడం అన్నింటికన్నా చివర. ఒక్కసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పరిశ్రమకు కూడా ఈ సంగతి కొంత బుర్రకెక్కింది. 2020లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 4, కనీసం రెండు 4కె తెరలు నడపగలిగితేనే ఆ పేరు పెట్టుకోవాలని షరతు పెట్టింది. తరవాత యూఎస్‌బీ సంఘం కేబుళ్ళ మీద ఎన్ని గిగాబిట్లో, ఎన్ని వాట్లో అంకెలతో ముద్ర వేసే పద్ధతి తెచ్చింది. మంచిదే. కానీ ముద్ర లేని తీగలు ప్రతి ఇంటి సొరుగులోనూ ఇంకా కిలోల లెక్కన ఉన్నాయి.

నాకు బాధ కలిగించేది తీగల సంగతి కాదు. చోటు చాలనప్పుడు ఆ తెర "సిగ్నల్ లేదు" అనకుండా "చోటు చాలడం లేదు" అని ఉంటే ఆవిడ మూడు రోజులు తనను తాను తిట్టుకునేది కాదు. యంత్రం పూర్తి మాట చెప్పకపోతే ఆ నింద వచ్చి మనిషి మీద పడుతుంది. అదీ, ఎవరు ముందే బెదిరి ఉన్నారో వాళ్ళ మీదే పడుతుంది. చాలా ఏళ్ళు ఇంట్లో ఉండి తిరిగి ఉద్యోగంలో చేరినవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు, కొత్త దేశంలో మొదటి నెల గడుపుతున్నవాళ్ళు. మనందరం ఏదో ఒకనాడు ఆ వరసలో నిలబడినవాళ్ళమే.

సోమవారం డెమో బాగానే జరిగింది. ఆ లెక్క ఉన్న కాయితం ఫోటో తీసి ఇమ్మని అడిగి, దాన్ని ఇంగ్లీషులో రాసి ఆవిడ హెల్ప్‌డెస్క్‌కు పంపింది. వారం తరవాత వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చిందట. ఇంకో పదకొండు మందికి ఇదే చిక్కు ఉందనీ, అందరికీ ఆ మాటే చెబుతున్నామనీ. ఆ జవాబు నాకు పంపి, కింద ఒక్క ముక్క రాసింది.

"పదకొండు మంది అన్నయ్యగారూ! వాళ్ళెవరూ ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చోలేదు."